ముగ్గుపిండి మీద ఆక్సెల్: ముగ్గురు పిల్లల జంప్‌ని ఎలా పోల్చాను

"మా అమ్మాయి పదిసార్లకి తొమ్మిదిసార్లు నిలబడుతోంది కదండీ మాస్టారూ. ఇంకా దేనికండీ ఆలోచన?"

రాజోలు నుంచి కూతుర్ని రోజూ బండి మీద దింపే తండ్రి ఆగస్టులో నన్నడిగిన మాట ఇది. నిలబడటమంటే స్కేట్లతో ఆక్సెల్ అనే జంప్ చేసి పడకుండా దిగడం. స్కేటింగ్ పోటీకి మా దగ్గర్నుంచి సోలోలో ఎవరిని పంపాలన్నది అప్పుడు ప్రశ్న. ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. నిజానికి ఆ రోజు నేనూ ఆయన మాటే అనుకుంటున్నాను. వారం తర్వాత మనసు మార్చుకున్నాను. ఎందుకు మార్చుకున్నానో, మధ్యలో నేనెక్కడ పొరబడ్డానో రాస్తున్నాను. ఆర్టిస్టిక్ (జంప్‌లు, చుట్లతో చేసే స్కేటింగ్) నేర్పే తోటి కోచ్‌లకు ఇది పనికొస్తుందని నా ఆశ.

నేను అమలాపురంలో స్కేటింగ్ నేర్పుతాను. ఐస్ మీద కాదు, చక్రాల మీద. మా వైపు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లారేసరికి కొబ్బరాకుల చివర్లలో బొట్లు బొట్లుగా నిలిచేదే. అది కురిసిన రోజు సిమెంటు నేల చెమ్మగిల్లి జారుతుంది కాబట్టి మాకు ప్రాక్టీసు ఉండదు. మంచు పడితే స్కేటింగ్ ఆపేసే కోచ్‌ని ఫిన్లాండ్ వాళ్లు చూస్తే నవ్వుకుంటారేమో. పిల్లల్లో ఎక్కువమంది స్పీడ్ కోసం వచ్చేవాళ్లే. ఆర్టిస్టిక్ చేసేవాళ్లు ముగ్గురంటే ముగ్గురు: రాజోలు అమ్మాయి, ముమ్మిడివరం అమ్మాయి, రావులపాలెం అబ్బాయి. రింకులో వాళ్లని ఊరి పేర్లతోనే పిలుస్తాం, ఇక్కడా అలాగే రాస్తాను.

ముగ్గురూ ఒకే గోడ ముందు నిలబడ్డారు. ఆ గోడ పేరు ఆక్సెల్. 1882లో వియన్నాలో జరిగిన పోటీలో నార్వే స్కేటర్ ఆక్సెల్ పాల్సెన్ మొదట చేసిన జంప్ ఇది. ఆయన దాన్ని ఫిగర్ స్కేట్లతో కాక స్పీడ్ స్కేట్లతో చేశాడని చెబితే మా స్పీడ్ పిల్లలు తెగ మురిసిపోతారు. ఐస్ మీద ఆరు ముఖ్యమైన జంప్‌లుంటే మిగతా అయిదూ వెనక్కి వెళ్తూ ఎగిరేవే, ఇదొక్కటే ముందుకు చూస్తూ ఎగిరేది. దిగడం మాత్రం వెనక్కే. అందుకే పేరుకి ‘సింగిల్’ అయినా ఒకటిన్నర చుట్టు తిరగాలి. ట్రిపుల్ ఆక్సెల్ అంటే మూడున్నర, క్వాడ్ అంటే నాలుగున్నర. చక్రాల మీదా పేరు అదే, లెక్కా అదే. ఎడమ కాలి బయటి అంచు మీద (పాదాన్ని బయటి వైపుకి వాల్చి) ముందుకు వచ్చి, కుడి మోకాలిని మెట్టెక్కినట్టు ముందుకు లేపి ఎగిరి, గాల్లో ఒకటిన్నర చుట్టు తిరిగి, కుడి కాలి బయటి అంచు మీద వెనక్కి జారుతూ దిగాలి. పిల్లలకి భయమంతా ఆ ముందుకు ఎగరడంలోనే ఉంటుంది, ఎదురుగా నేల కనిపిస్తుంది మరి.

మొదటి పోలిక, మొదటి పొరపాటు

ఒక ఉదయం ముగ్గురి చేతా పదేసి ఆక్సెల్స్ చేయించాను. గేటు పక్కన నా ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది, ఫోన్ పట్టుకుని అక్కణ్నుంచే వీడియో తీశాను. కింద పడకుండా, చెయ్యి నేలకి ఆనకుండా, రెండో కాలు పెట్టకుండా దిగితే నిలబడినట్టు లెక్క. రాజోలు అమ్మాయి తొమ్మిది, రావులపాలెం అబ్బాయి ఆరు, ముమ్మిడివరం అమ్మాయి అయిదు. చూడ్డానికీ రాజోలు అమ్మాయిదే ముచ్చటగా ఉంది. దిగాక చేతులు రెండు పక్కలకీ చాచి అలా జారుకుంటూ పోతుంటే గేటు బయట టీ తాగేవాళ్లు కూడా ఆగి చూస్తారు. వీడియోలో ముమ్మిడివరం అమ్మాయి చుట్టు పూర్తి కాకముందే దిగుతున్నట్టు కనిపించింది. "నీకు పావు చుట్టు తగ్గుతోందమ్మా" అని చెప్పేశాను కూడా. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు గానీ ముఖం చిన్నబుచ్చుకుంది.

ఆ రాత్రి వీడియో మళ్లీ చూస్తుంటే అనుమానమొచ్చింది. ఫోన్ మామూలు మోడ్‌లో సెకనుకి 30 ఫ్రేములు తీస్తుంది. పిల్ల గాల్లో సెకనుకి మూడు చుట్ల వేగంతో తిరుగుతోందనుకుంటే ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య 36 డిగ్రీలు తిరిగిపోతుంది. చక్రం నేలని తాకిన క్షణం ఏ ఫ్రేములోనూ దొరక్కపోవచ్చు, దాని ముందుదో వెనకదో దొరుకుతుంది. పావు చుట్టంటే 90 డిగ్రీలు. 36 డిగ్రీల గీతలున్న స్కేలుతో 90కి తగ్గిందో లేదో తేల్చబోయానన్నమాట. అది చాలదన్నట్టు నా కుర్చీ ఉన్నది ఆ అమ్మాయి దిగే చోటికి ఏటవాలుగా. వెనక్కి దిగిన కాలు కూడా అక్కణ్నుంచి చూస్తే పక్కకి దిగినట్టే ఉంటుంది. రాజోలు అమ్మాయి దిగే చోటు నా కుర్చీకి సరిగ్గా ఎదురు, అక్కడ పాదం తిరిగిందీ లేనిదీ అసలు తెలియదు. అంటే నేను పోల్చింది జంప్‌లని కాదు, నా కుర్చీకి ఎవరు ఎటు దిగుతున్నారన్నది.

ఈ గోల పెద్ద పోటీల్లోనూ ఉంది. ఐస్ మీద జంప్ పూర్తిగా తిరిగిందో లేదో తేల్చే టెక్నికల్ ప్యానెల్ వాళ్లు దిగిన క్షణాన్ని స్లో మోషన్‌లో మళ్లీ చూసుకుంటారు, కానీ సాధారణంగా వాళ్ల చేతిలో ఉండేది ఒకే కెమెరా. రింకులో ఏ మూల దిగితే ఎలా కనిపిస్తుందన్న వాదం అభిమానుల మధ్య ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. అక్కడే అలా ఉంటే గేటు పక్కన కుర్చీలో కూర్చున్న నేనెంత?

రెండోసారి

మా రింకుని ఆనుకుని ఒక కల్యాణ మండపం ఉంది. దాని మొదటి అంతస్తు వరండా రెయిలింగ్ మీంచి వంగి చూస్తే రింకులో ఆ చివర దాదాపు మన కిందే ఉంటుంది. వాచ్‌మన్‌ని అడిగి ఒక ఫోన్‌ని రెయిలింగ్‌కి బిగించాను. రెండో ఫోన్‌ని నేల మట్టంలో, ఎగిరే చోటికి పక్కగా పెట్టాను. రెండూ స్లో మోషన్‌లో, సెకనుకి 240 ఫ్రేములు. అప్పుడు ఫ్రేముకి నాలుగైదు డిగ్రీలే తేడా వస్తుంది. పిల్లలందరినీ ఒకే చోట, ఒకే దిక్కుకి ఎగిరి దిగమన్నాను.

ఇక ముగ్గుపిండి. ఐస్ మీద కోచ్‌లకి ఒక సుఖం ఉంది, జంప్ దిగాక బ్లేడు గీసిన గీత అక్కడే ఉంటుంది, వంగి చూసుకోవచ్చు. సిమెంటు మీద చక్రం ఏ గుర్తూ మిగల్చదు. ఇంట్లో ఆవిడ వాకిట్లో ముగ్గేస్తుంటే తట్టింది. దిగే చోట రెండు గజాల మేర పిండిని జల్లెడలోంచి పల్చగా రాల్చాను, నేల రంగు కాస్త మారేంతే. రాజోలు అమ్మాయి ఎగిరి దిగింది. అందరం చుట్టూ చేరి గొంతుక్కూర్చుని చూశాం. పూర్తిగా తిరిగి దిగితే నాలుగు చక్రాల గుర్తూ మొదటి నుంచే ఒక సన్నని వంపుగా, నెలవంకలా సాగిపోవాలి. ఇక్కడ అలా లేదు. ముందు చక్రాలు నేలని తాకిన చోట పిండి అడ్డంగా చెదిరిపోయి, జానెడు దూరం పక్కకి ఒరుసుకుంటూ తిరిగి, అక్కణ్నుంచి నెలవంక మొదలైంది. అచ్చం గాలం కొక్కెంలా ఉంది. ఆ పిల్ల దాన్ని చూసి, "అంటే నేను కింద తిరుగుతున్నానా మాస్టారూ?" అంది. అవును. గాల్లో తిరగాల్సింది నేల మీద తిరుగుతోంది.

ముమ్మిడివరం అమ్మాయి పడిపోయిన జంప్‌లో కూడా, పడేముందు మిగిలిన రెండంగుళాల గుర్తు తిన్నగా, వంపుగా ఉంది. కొక్కెం లేదు.

(పిండి పద్ధతి వాడేవాళ్లకి ఒక మాట. మూడో రోజు నేను పిండి కాస్త దట్టంగా జల్లాను, రావులపాలెం అబ్బాయి తుళ్లిపడి అరచెయ్యి గీరుకుపోయింది. తప్పు నాదే. పైగా ముగ్గురాయి పొడి బేరింగుల్లోకి దూరి అరగదీస్తుంది. ఆ సాయంత్రమంతా కిరసనాయిల్లో బేరింగులు కడుగుతూ కూర్చున్నాను. వాడితే నెలకోసారి, అదీ అయిదారు జంప్‌లకే.)

కొలతలు

పై నుంచి తీసిన వీడియోని లాప్‌టాప్‌లో ఆపి, తెరమీద ట్రేసింగ్ కాగితం పెట్టి, పిల్లల జామెట్రీ బాక్సులోంచి తీసిన కోణమానినితో రెండు కోణాలు కొలిచాను. చక్రాలు నేల విడిచే క్షణానికి పాదం ఎంత తిరిగిపోయింది, చక్రాలు నేల తాకే క్షణానికి ఇంకా ఎంత తిరగాల్సి ఉంది. ఒకటిన్నర చుట్టంటే 540 డిగ్రీలు, అందులోంచి ఈ రెండూ తీసేస్తే గాల్లో నిజంగా తిరిగింది మిగులుతుంది. ఎగిరేటప్పుడు కాస్త ముందే తిరగడం అందరికీ ఉంటుంది, ప్రపంచ చాంపియన్లకి కూడా. ఎంత అన్నదే ప్రశ్న.

రాజోలు అమ్మాయి నేల విడిచేలోపే సగటున 130 డిగ్రీలు తిరిగిపోతోంది, దిగేటప్పుడు 100 తక్కువ. గాల్లో తిరిగింది 310, అంటే ఒక్క చుట్టు కూడా కాదు. ముమ్మిడివరం అమ్మాయికి ముందు 60, చివర 20, గాల్లో 460. రావులపాలెం అబ్బాయికి ముందు 70, చివర 60, గాల్లో 410.

గాల్లో ఉన్న సమయం పక్క వీడియోలో ఫ్రేములు లెక్కపెడితే వస్తుంది. రాజోలు అమ్మాయికి 86 ఫ్రేములు, అంటే 0.36 సెకను. ముమ్మిడివరం అమ్మాయికి 101, అంటే 0.42. అబ్బాయికి 110, అంటే 0.46. ఆ సమయాన్ని దానితోనే గుణించి, 9.81తో గుణించి, 8తో భాగిస్తే ఎగిరిన ఎత్తు మీటర్లలో వస్తుంది. అలా చూస్తే వరసగా సుమారు 16, 22, 26 సెంటీమీటర్లు. మోకాళ్లు బాగా ముడిచి దిగేవాళ్లకి ఈ లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది, అబ్బాయికి ఆ అలవాటుంది కాబట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గించుకోవాలి. అయినా అందరికంటే ఎత్తు అతనిదే.

అంత ఎత్తు ఎగిరీ అతను ముమ్మిడివరం అమ్మాయి కంటే తక్కువ తిరిగాడేం? సెకనుకి ఎన్ని చుట్లో చూస్తే తెలుస్తుంది. ఆ అమ్మాయి సెకనుకి మూడు చుట్లు, అతను రెండున్నర. అతని చేతులు గుండెకి దగ్గరయ్యేసరికి నేల విడిచి 48 ఫ్రేములు గడిచిపోతున్నాయి, గాల్లో ఉండేదాంట్లో దాదాపు సగం కాలం. కవ్వం తాడు సగం లాగి వదిలేసినట్టు ఉంటుంది అతని జంప్. పెద్దవాళ్ల ట్రిపుల్ ఆక్సెల్‌తో పోల్చి చూపించాను. 0.7 సెకను గాల్లో ఉన్న స్కేటర్ కూడా మూడున్నర చుట్లు తిరగాలంటే సగటున సెకనుకి అయిదు చుట్లు తిరగాలి. ఎత్తు ఒక్కటే గట్టెక్కించదు, ముడుచుకోవడంలో ఉంది సంగతి.

ముమ్మిడివరం అమ్మాయి మరి ఎందుకు పడుతోంది? పక్క వీడియోలో తెలిసింది. ఎగిరేటప్పుడు ఎడమ భుజం లోపలికి పడిపోతోంది, ఒళ్లంతా ఒక పక్కకి ఒరిగి తిరుగుతోంది. కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోటకి భుజాల మీద మోసుకొచ్చే ప్రభల్ని (ఎత్తుగా కట్టి అలంకరించినవాటిని) చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. కౌశిక కాలువ దాటేటప్పుడు మోసేవాళ్లు నీళ్లలో పీకల దాకా దిగినా ప్రభ మాత్రం నిట్టనిలువుగా ఉండాలి, కాస్త ఒరిగితే ఎంతమంది పట్టుకున్నా ఆగదు. "నీ ప్రభ ఒరుగుతోందమ్మా" అన్నాను. మొన్న పావు చుట్టు తగ్గుతోందని అన్నమాట తప్పని కూడా చెప్పాను. అది చెప్పాలి, లేకపోతే ఆ పిల్ల లేని తప్పుని దిద్దుకుంటూ కూర్చుంటుంది.

మార్కులు ఎవరి పక్షం

ఇప్పుడు ఎవరి జంప్ మంచిది? ఇక్కడే నేను రాజోలు నాన్నగారితో గంటసేపు మాట్లాడాల్సి వచ్చింది. ఆయన పేచీకోరు కాదు, లెక్క అడిగే మనిషి. లెక్కతోనే చెప్పాను.

ఐస్ మీద మార్కుల స్కేలులో ట్రిపుల్ ఆక్సెల్ విలువ 8.00. తొమ్మిది మంది దాకా జడ్జీలు −5 నుంచి +5 వరకు నాణ్యత మార్కు వేస్తారు, అందరికంటే ఎక్కువ వేసింది, తక్కువ వేసింది తీసేసి మిగతావి సగటు చేస్తారు. ఒక్కో మెట్టుకి విలువలో పది శాతం. చక్కగా చేసి +3 తెచ్చుకుంటే 10.40. దిగేటప్పుడు పావు చుట్టు కంటే ఎక్కువ, అర చుట్టు కంటే తక్కువ కొరత ఉంటే విలువ 80 శాతానికి పడిపోతుంది, అంటే 6.40. దాని మీద −2 వేశారనుకుందాం, 5.12. పూర్తిగా తిరిగి కింద పడితే? విలువ 8.00 అలాగే ఉంటుంది, నాణ్యత −5, అంటే నాలుగు పోతాయి, పడినందుకు విడిగా ఇంకో పాయింటు పోతుంది. మిగిలేది 3.00.

"అయితే మా అమ్మాయిదే ఎక్కువ కదండీ" అన్నారాయన. ఆ రోజు మార్కుల్లో అవును. తిరగడం తక్కువైనా నిలబడ్డవాళ్లకి, పూర్తిగా తిరిగి పడ్డవాళ్ల కంటే ఎక్కువ వస్తుంది. కానీ పూర్తిగా తిరిగేవాళ్లు పడటం మానేసిన రోజు 5.12 పక్కన 10.40 నిలబడుతుంది. ఇంకోటి కూడా చెప్పాను. స్పష్టంగా వెనక్కి తిరిగిపోయి ఎగిరితే తప్ప, ఎగిరేముందు నేల మీద తిరిగేసే డిగ్రీలకి ఇలా మెట్లవారీగా తెగ్గోసే లెక్క లేదు, ప్యానెల్ గట్టిగా చూసేది దిగే చోటునే. అందువల్ల ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోగలదు. డబుల్ ఆక్సెల్ మొదలెట్టిన రోజు పడుతుంది దెబ్బ. రెండున్నర చుట్లని నేల మీద దాచుకోవడానికి చోటు చాలదు.

ఆడపిల్లల ట్రిపుల్ ఆక్సెల్ కథ ఆయనకి నచ్చింది. జపాన్‌కి చెందిన మిడోరి ఇటో 1989 ప్రపంచ పోటీల్లో, 1992 ఒలింపిక్స్‌లో ఆ జంప్ చేసి చూపించింది. ఆ రెండు చోట్లా దాన్ని చేసిన మొదటి మహిళ ఆమే. ఆమె ఎగిరే ఎత్తు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత వచ్చిన మావో అసడా 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో షార్ట్ ప్రోగ్రాంలో ఒకటి, ఫ్రీ ప్రోగ్రాంలో రెండు, మొత్తం మూడు ట్రిపుల్ ఆక్సెల్స్ దిగింది, కానీ కెరీర్‌లో చుట్టు తగ్గిందన్న గుర్తులు ఆమెకి చాలాసార్లే పడ్డాయి. ఒకే జంప్, ఒకే దేశం, పోలిక మాత్రం అంత సులువు కాదు. జపాన్‌కే చెందిన యుజురు హన్యూ 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో క్వాడ్ ఆక్సెల్‌కి ఎగిరి, చుట్టు తగ్గి, పడ్డాడు. 12.50 విలువైన జంప్‌కి 10.00 నుంచి లెక్క మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో ఇలియా మలీనిన్ దాన్ని పూర్తిగా తిరిగి నిలబడ్డాడు, పోటీలో మొదటిసారి.

నాన్నగారు అంతా విని, "ఆయ్, అయితే మీ ఇష్టమండి" అన్నారు. గోదావరి జిల్లాల్లో ఈ మాటకి ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు.

తర్వాత ఆరు వారాలు

పోటీకి ముమ్మిడివరం అమ్మాయిని పంపాను. రెండు ఆక్సెల్స్‌లో ఒకటి నిలబడింది, ఒకటి పడింది. పతకం రాలేదు. ఆ రోజు రాజోలు అమ్మాయి వెళ్లుంటే బహుశా వచ్చేది. ఆ మాట నాన్నగారు అనలేదు గానీ వారం రోజులు గేటు దగ్గర దింపి, లోపలికి రాకుండా వెళ్లిపోయారు.

రాజోలు అమ్మాయి చేత ఆక్సెల్ మాన్పించాను. అర చుట్టు వాల్ట్జ్ జంప్ ఒక్కటే, గీసిన గీత మీంచి తిన్నగా ముందుకి ఎగిరేట్టు. స్కేట్లు విప్పి నేల మీద గంతులు, ఎగిరేదాకా బొటనవేలు గీత దాటి తిరక్కూడదు. మూడో వారంలో ఆక్సెల్ మళ్లీ ఇస్తే పదికి రెండే నిలబడింది. ఏడ్చింది. అక్టోబరులో తుపాను వానలకి రింకు ఎనిమిది రోజులు మునిగింది, అది ఒక రకంగా మేలే చేసింది. పాత జంప్ కాళ్లు కొంత మర్చిపోయాయి.

అబ్బాయికి ఇచ్చింది ఒకటే పని. కొబ్బరికాయ రెండు చేతుల్తో పట్టుకుని, ఎగరగానే గుండెకి హత్తుకోవాలి, స్కేట్లు లేకుండా. 48 ఫ్రేములు 35కి దిగాయి. ముమ్మిడివరం అమ్మాయి భుజం కోసం గోడ పక్కన నిలబెట్టి ఒంటికాలి మీద తిప్పించాను. అది ఇంకా పూర్తిగా కుదరలేదు, అలసిపోయిన రోజు ప్రభ ఒరుగుతూనే ఉంది.

నవంబరు చివర్లో మళ్లీ అదే రెయిలింగ్, అవే రెండు ఫోన్లు. రాజోలు అమ్మాయి పదికి ఆరు నిలబడింది. ముందు 80, చివర 50, గాల్లో 410 డిగ్రీలు. గాల్లో ఉన్నది 0.38 సెకను. చివరి జంప్‌కి తనే వెళ్లి డబ్బాలోంచి పిండి తెచ్చి, "కొంచెమే జల్లుతానండి" అని రాల్చుకుంది. దిగాక అందరికంటే ముందు తనే గొంతుక్కూర్చుంది. కొక్కెం ఉంది గానీ నాలుగు వేళ్ల మేరే. ఆ రోజు నాన్నగారు లోపలికి వచ్చారు. ఆయనా వంగి చూసి, జేబులోంచి ఫోన్ తీసి ఫోటో తీసుకున్నారు.